మడుగు దారిలో ముళ్ళకంప

ఆవిడ పేరు నేను అడగలేదు. గొలుగొండ అవతల అడవిలో ట్రెక్కింగ్ చేసి, రాత్రి గుడారాల్లో పడుకుని, పొద్దున్నంతా మడుగులో ఈదులాడి, మా బృందమంతా అనకాపల్లి బస్సెక్కాం. నా పక్క సీట్లో ఆ పెద్దావిడ కూర్చుంది. నా వేలిలో విరిగిన ముల్లుని గోటితో పీక్కుంటుంటే చూసింది.

"ఏటమ్మా, ముల్లు దిగిపోయిందా? సెయ్యి ఇలా తే."

గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసింది. ఆవిడ చేతుల నిండా గీతలే. కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"మడుగు దారికి అడ్డంగా ఎవరో ముళ్ళకంప పడేశారండీ. పక్కకి లాగుతుంటే గుచ్చుకుంది," అన్నాను.

పిన్నీసు ఆగింది.

"నానే ఏసేను," అంది. "నా కొడుకు ఆ మడుగులోనే పోయేడు. ఈతొచ్చినోడే. అడుగున రాళ్ల సందులో కాలు ఇరుక్కుపోయింది. ఇంకెవులూ దిగకుండా ప్రెతీ శుక్రోరం కంప ఏత్తాను. సోమారం ఎల్లి సూత్తే పక్కన పడుంటాది."

"అక్కడ బోర్డు పెట్టమని అడగలేకపోయారా?"

"పెట్టేరమ్మా. దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంతన్నారు."

ముల్లు బయటికి వచ్చింది. కింద పడేస్తే ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని కాబోలు, కొంగున ముడేసుకుంది.

ముందు సీట్లోంచి మావాడొకడు లేచి, వచ్చే వారం మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళు చేతులెత్తండని అరిచాడు. అందరి చేతులూ లేచాయి.

నా చెయ్యి ఆవిడ ఇంకా వదల్లేదు.