అత్తాకోడళ్ళ జోడీ

మొన్న మన్నాఏఖేళ్ళిలో బస్సు కోసం నిలబడి ఉంటే, చెరుకు కొట్టేవాళ్ళ ట్రాక్టర్లు రెండు వచ్చి నా ముందే ఆగాయి. గిన్నెలు, చాపలు, కోళ్ళ గంప, పసిపిల్లలు, అన్నిటి మీదా ఒకటే దుమ్ము. ఒకామె దిగి నీళ్ళు అడిగింది. సీసా ఇచ్చి, నీ జోడీ ఎవరమ్మా అన్నాను. ఈ కళ్ళద్దాల ముసలమ్మకు ఆ మాట ఎట్లా తెలుసా అన్నట్టు ఎగాదిగా చూసింది. తెలియకేం? నేనూ ఒక ఏడు జోడీ కట్టి పోయినదాన్నే, అదీ మా అత్తమ్మతో.

మాది చిట్గుప్ప దగ్గర పల్లె. ఇంకా మైసూరు రాష్ట్రం అంటున్న రోజులు. ఆ ఏడు వానలు మొహం చాటేసి, జొన్న మోకాలెత్తు లేవకుండానే మాడిపోయింది. చాలదన్నట్టు, బావి తవ్వే పనికి పోయిన మా ఆయన కాలి మీద బండ జారి ఎముక విరిగింది. ఇక మిగిలింది మహారాష్ట్రకు పోయి చెరుకు కొట్టే పనే. దానికి మనుషుల్ని జంటగానే తీసుకుంటారు: మగవాడు కొట్టాలి, ఆడది కట్ట కట్టి బండి దాకా మోయాలి. ఆ జంటనే జోడీ అంటారు. కూలీలను కుదిర్చే ముకద్దం ముందే ఇంటికి జొన్నలు ఇచ్చి పోతాడు. పని చేతకాక మధ్యలో తరిమేస్తే జొన్నలు వాపసు ఇవ్వాలి. మొగుడికీ రెండేళ్ళు నిండని కొడుక్కీ ఆ జొన్నలే దిక్కు.

ముకద్దం మా వాకిట్లో నిలబడి, "మొగుడూ పెండ్లామూ అయితె జోడీ. అత్తాకోడండ్లది ఏం జోడీ?" అన్నాడు. మా అత్తమ్మ లోపలి నుంచి కత్తి తెచ్చుకుని, "నేను కొడ్త, అది మోస్తది. చెరుకు కొట్టనీకి మీసాలు గావాల్నా?" అంది. ఆయనకు ఆ ఏడు మనుషులు తక్కువ పడ్డారు. సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు అది కాదు. మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటలు లేవు. నేను కడుపుతో ఉన్నప్పుడు మా పాస్టరయ్య ప్రార్థనకు వస్తే, గుడ్లు పెట్టే కోడిని కోసి వండాను. ఆ రోజు మూసిన నోరు ఆమె మళ్ళీ నా కోసం తెరవలేదు. నేనేం తక్కువ తిన్నానా, నేనూ మూసుకున్నాను. ఇంట్లో అయితే మాటలు మోయడానికి మా ఆయన ఉన్నాడు. మహారాష్ట్రలో ఆ చెరుకు తోటలో ఎవరున్నారు? ఆమె చెరుకుకే చెప్పేది: "గీ కట్ట ఎవలన్న లేపుతె మంచిగుండు." నేను కట్టకు జవాబిచ్చేదాన్ని.

తెల్లారకముందే పని మొదలయ్యేది. నాలుగో వారమో ఐదో వారమో, మసక చీకట్లో నేను చెరుకు ఏరుతూ వంగాను. ఆమె కత్తి నా ముంజేతిని చీల్చింది. ఆమె కత్తి పడేసి, గాలిలో చేతులు ఆడిస్తూ నన్ను వెతికింది. రెండడుగుల దూరంలో ఉన్న నేను ఆమెకు దొరకలేదు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

"ఏడున్నవ్ పిల్లా?" అంది. రెండేళ్ళకు నాతో అన్న మొదటి మాట.

"ఈడనే ఉన్న అత్తా."

"పొద్దు లేకుంటె నాకు కండ్లు కనబడయి. ముకద్దంకు తెలిస్తె ఇద్దర్ని తోలేస్తడు. నువ్వు మాట్లాడుకుంట ఉండు. నీ గొంతును బట్టి నేను కొడ్త."

తన కొంగు చింపి చేతికి కట్టింది. ఆ రోజు నుంచి నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచక మొదట్లో ప్రార్థన చదివితే, "గది ఇంటికాడ చేసుకో, ముచ్చట చెప్పు" అని కసిరింది. నా ముచ్చట్లు అయిపోతే తనవి ఎత్తుకుంది. పెళ్ళినాటి భయం, పురిట్లో పోయిన ఇద్దరు ఆడపిల్లలు, నేను చదువుకున్న కోడలినని లోపల పడ్డ బెరుకు, అన్నీ చెప్పింది. ఒకనాడు చెప్పింది, "గా కోడిని నీ కానుపు కోసమే సాకిన. నువ్వే కోస్తివి." నా చేతిలో కట్ట జారిపోయింది. ఆమె కత్తి ఆపి, "పలుకు, పలుకు" అని గద్దించింది. ఏడుస్తూనే పలికాను. ముకద్దం వచ్చి ఎప్పుడూ ఈ లొల్లి ఏందని అడిగితే, "కోడలితోని కొట్లాడకుంటె నాకు చేతులాడయి" అంది. ఆయన నమ్మాడు, నవ్వుకుంటూ పోయాడు.

ఎండలు ముదిరాక పని ముగిసింది. జొన్నలు మావే అయ్యాయి. మన్నాఏఖేళ్ళిలో లారీ దిగేసరికి పొద్దు వాలింది. అక్కడి నుంచి బండి మీద ఊరు చేరి, ఆమె చెయ్యి పట్టుకుని, ఇక్కడ రాయి, ఇక్కడ గుంత అని చెబుతూ ఇంటి దాకా తెచ్చాను. మా ఆయన కర్ర ఊతంతో ఎదురొచ్చాడు. గడప తగలగానే ఆమె నా చెయ్యి వదిలేసింది.

"ఇల్లు నాకు ఎరికే. ఇంగ నువ్వు పలకకున్నా నడుస్తది" అంది.

కోపంతో అనలేదు. అలిసిపోయి, ఉన్న మాట అంది. అందుకే నాకు అంత నొప్పి పుట్టింది. ఆ గోడలు, కుండలు, పొయ్యి ఆమెకు చేతివేళ్ళతో తెలుసు. మెల్లగా చూపు పూర్తిగా పోయినా నన్ను పిలవాల్సిన పని పడలేదు. నేనే ఒకటి రెండుసార్లు ముచ్చట ఎత్తాను, ఊఁ అని ఊరుకుంది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. అన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నాం, నేను వండింది ఆమె తిన్నది, చివరికి స్నానం కూడా నేనే పోశాను. అయినా తలుచుకుంటే, నాకు అత్తమ్మ ఉన్నది ఆ ఒక్క చెరుకు కాలమే.