గొంతు లేని ఏడుపు

ఆదోనిలో నా కింది దవడకు ఆపరేషన్ చేశారు. లోపల నీటిగడ్డ ఉందని, పూర్తిగా మత్తు ఇచ్చి తీశారు. మెలకువ వచ్చాక దవడకంటే గొంతే ఎక్కువ బాధపెట్టింది. జొన్న ఊక ఇరుక్కున్నట్టు గుటక గుటకకూ గరగర. మాట్లాడబోతే గాలి తప్ప శబ్దం లేదు. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేశాం, అదే సర్దుకుంటుంది, కొందరికి ఆలస్యమవుతుంది అన్నాడు డాక్టరు. కింది పెదవికైతే స్పర్శే లేదు.

ఎమ్మిగనూరుకు బస్సులో నన్ను తీసుకొచ్చింది మా అత్త. ఇంటికి రాగానే మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టింది.

"నువ్వు మాట్లాడాకు మే. ఏమన్నా కావాల్నంటే దీన్ని కొట్టు, నేనొస్తా" అంది.

మోగించగానే రాగిజావ చల్లార్చి తెచ్చేది. "నీ నోటికన్నా ఈ గ్లాసే నయం, ఎదురు సెప్పదు" అని నవ్వేది. నిజమే, మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక మాట పట్టింపు ఉండేది.

గొంతు ఇంకా రాకముందే, ఒక తెల్లవారుజామున అత్త నిద్రలోనే పోయింది.

మా వైపు శవం దగ్గర ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయిన మనిషి చేసిన మంచంతా చెప్పుకుంటూ ఏడుస్తారు. కోడలి గొంతు కోసం అందరూ చెవులు నిక్కించుకుని ఉంటారు. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది. పోనీ, గొంతు లేకపోతే లేదు, కళ్లకేమైంది? ఒక్క చుక్క రాలేదు. పెదవిలాగే లోపలంతా మొద్దుబారిపోయింది. పూలదండ సర్దాను, వచ్చినవాళ్లకు చాపలు పరిచాను.

"అత్త సచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట్లో నీళ్లొచ్చినాయంట" అని వెనక ఎవరో అన్నారు. వినపడింది. కోపం కూడా రాలేదు.

కర్మలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. మా ఆయన మళ్లీ నేయడానికి మగ్గం గుంతలోకి దిగాడు. ఓ ఉదయం నోరు ఎండిపోయి, అలవాటుగా గ్లాసు మీద చెంచాతో కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాను. ఈ మనిషికి ఎంతసేపు కొట్టాలి అని విసుగొచ్చి, "అత్తా!" అని అరిచాను.

ఇల్లంతా వినపడింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"గొంతొచ్చినాది మే" అన్నాడు మా ఆయన లోపలి నుంచి, మెల్లగా.

గ్లాసు ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చాను, రాగిజావతో మొదలుపెట్టి, ఆమె చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ. ఆర్నెల్లు పట్టలేదు.