కాలు ఊపిన నేరం

కూర్చుని కాళ్లు ఊపితే ఇంటికి దరిద్రమని మా అమ్మ నా తొడ మీద ఎన్నిసార్లు చరిచిందో లెక్కలేదు. ఆ దరిద్రం ఇంటికైతే రాలేదు గానీ, పంజాగుట్టలో నా మొదటి ఉద్యోగానికి మాత్రం చుట్టుకుంది.

అదొక చిన్న ప్రైవేటు ల్యాబు. మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉండేది. అంత నాజూకు యంత్రాన్ని నేల మీదే పెట్టాలి. కింద టిఫిన్ సెంటర్ వాళ్లు ఖాళీ చేయకపోవడంతో మా సార్ దాన్ని మేడెక్కించారు. మందు బిళ్లలు, ఇనుప మేకులు, ఈగ కాళ్లు, ఎవరు ఏది తెచ్చినా వేల రెట్లు పెద్దది చేసి చూపించడం మా పని. నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి వచ్చి ఆ యంత్రం ముందు కూర్చునేదాన్ని. ఆరు నెలలు ప్రొబేషన్.

ఆరో నెలలో మూలికల నూనె కంపెనీ ఆయన ఒకరు రెండు వెంట్రుకలు తెచ్చారు. ఒకటి నూనె వాడకముందుది, ఇంకోటి వాడిన తర్వాతది. ఉదయం మొదటిది తీశాను, నున్నగా వచ్చింది. మధ్యాహ్నం రెండోది తీస్తే అంచంతా రంపంలా పళ్లు పళ్లుగా వచ్చింది. ఆయన ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, "ఏంటండీ ఇది? మా నూనె రాస్తే జుట్టు రంపమైపోతుందని సీసా మీద వేసుకోమంటారా?" అన్నారు.

తప్పు వెంట్రుకది కాదని నాకు తెలుసు. ఈ మైక్రోస్కోప్ మన ఫోనులా ఒక్క క్లిక్కుతో ఫొటో తీయదు. వాకిలి ఊడ్చినట్టు ఎలక్ట్రాన్ల కిరణం పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా నడిచొస్తుంది. నిమిషంన్నర పడుతుంది. ఈలోపు ఏది కదిలినా ఆ గీత పక్కకు జరుగుతుంది. అంటే ఏదో కదులుతోంది. ఏది కదులుతోందో సార్ బల్ల కింద కనిపెట్టారు.

"ఏంటమ్మా ఆ కాలు? నువ్వలా ఊపుతుంటే ఫ్లోరంతా ఊగదూ?"

చూసుకుంటే నిజంగానే నా కుడికాలు దాని మానాన అది ఊగుతోంది. తల కొట్టేసినట్టయింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తీశాను. మళ్లీ రంపం, మళ్లీ కాలు.

"రేపు సాయంత్రం ఆయన వస్తారు. ఆలోపు మంచి ఫొటో రాకపోతే నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవాలి. ఏమీ అనుకోకు," అన్నారు సార్. అనుకోకుండా ఎలా ఉంటాను? రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను.

మూడో రోజు ఉదయమంతా వేరేవాళ్ల పనితోనే సరిపోయింది. భోజనం కాగానే చున్నీ తీసి కుడికాలు కుర్చీకి కట్టేసుకున్నాను. రెండు ముళ్లు వేశాను. ఫొటో మొదలుపెట్టాను. మళ్లీ రంపమే. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే చూసుకుంటే ఎడమకాలు ఊగుతోంది. దాన్ని చేత్తో అదిమిపట్టాను. తల ఊగడం మొదలుపెట్టింది. నా ఒంటికి ఏం పుట్టిందో అర్థం కాలేదు. అప్పుడు వినిపించింది, కింద ఎక్కడో డప్పు మోగుతోంది. అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య బతికేవాళ్లు రోజుకు నూరు చప్పుళ్లు వింటారు. నూటొకటో దాన్ని చెవి పట్టించుకోదు. నా కాలు పట్టించుకుంది.

సార్‌తో చెప్పాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నారు.

ఒళ్లు మండింది. విసురుగా లేచి, కుర్చీతో సహా రెండడుగులు వేసి, అప్పుడు ముడి విప్పుకుని కిందికి దిగాను.

పక్క బిల్డింగు సెల్లార్‌లో బోరబండ డప్పు మేళం ఒకటి పెళ్లి బరాత్ కోసం ప్రాక్టీసు చేస్తోంది. మూడు రోజుల క్రితం మొదలుపెట్టారట, అదీ మధ్యాహ్నాలేనట. మేళానికి పెద్దాయన ఒకతను ఉంటే నా గోడు వెళ్లబోసుకున్నాను.

"మేం కొడ్తే మీ మిషిన్ ఊగుతుందా?" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది.

"నా నౌకరి పోతది అన్నా. జర పైకొచ్చి మా సార్‌కు చెప్పు."

వచ్చాడు. స్క్రీన్ మీది వెంట్రుకను చాలాసేపు చూశాడు. తర్వాత ఆ పళ్ల వెంట ఒక వేలు పైనుంచి కిందికి జరుపుతూ, రెండో చేత్తో బల్ల మీద దరువు వేశాడు. దగ్గరగా ఉన్న పళ్లకు గబగబా, ఎడంగా ఉన్న పళ్లకు ఆగి ఆగి. మూడు రోజులుగా నా కాలు వేస్తున్న దరువు అదే. సగంలో వేలు ఆగింది.

"గీడ చూడు సార్, ఒక దెబ్బ తప్పింది. మావోడు బీడీ కోసం చెయ్యి తీసిండు. మస్తు తిట్టిన గప్పుడు."

సార్ వంగి ఆ వేలు ఆగినచోట చూశారు. "మీవాళ్లని ఒక్క రెండు నిమిషాలు ఆపమనండి," అన్నారు, నావైపు చూడకుండా. పెద్దాయన కిందికి ఫోన్ కొట్టి, "జర ఆపుండ్రి," అన్నాడు. డప్పులు ఆగాయి. ఎందుకైనా మంచిదని నేను ఈసారి రెండు కాళ్లూ కట్టేసుకున్నాను.

వెంట్రుక పైనుంచి దిగడం మొదలుపెట్టింది. నున్నగా, తిన్నగా వస్తోంది. పావు వంతు, సగం. ఉద్యోగం నిలబడిందనుకున్నాను. సగం దాటాక అంచు వణికింది. ఒక పన్ను, రెండు పళ్లు, మూడు.

"నేను గాదు చెల్లె," అని పెద్దాయన రెండు చేతులూ పైకెత్తాడు.

కింద చప్పుడు లేదు. నా కాళ్లు కుర్చీకే ఉన్నాయి. ముందు పెద్దాయన వంగి బల్ల కిందికి చూశాడు, తర్వాత నేను చూశాను. సార్ కుడి బూటు అదే దరువు వేస్తోంది, తప్పిన దెబ్బతో సహా.

"సార్, కాలు," అన్నాను.

ఆయన తల దించి చూసుకున్నారు. తర్వాత నావైపు చెయ్యి చాపారు.

"ఆ చున్నీ ఇలా ఇవ్వమ్మా."