పాలపిట్ట రెక్కలో వదిలిన తెలుపు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో, పటాలు కట్టే దుకాణంలో, నేను తెచ్చిన పటం పాత అద్దం ఊడదీయగానే చెమ్మ పట్టిన కాగితం వాసన గుప్పుమంది. దుకాణదారు బొమ్మను వెలుతురుకు పెట్టి చూశాడు.

“అమ్మా, గీ పాలపిట్ట రెక్కల రంగు పోయింది. జర నీలం దిద్దాల్నా?”

“రంగు పోలేదు. అవి పన్నెండు ఈకల చోట్లు. ఎడమ రెక్కలో ఏడు, కుడిదాంట్లో ఐదు. ముట్టుకోకు.”

ఆ బొమ్మ యాదగిరి మాస్టారు వేసింది. నల్గొండ పల్లె మనిషి. వనస్థలిపురంలో మా పక్కింట్లో ఉండేవారు. బళ్ళో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాక పిట్టలు తప్ప మరేమీ గీయలేదు. అన్నీ నీటిరంగులే, కానీ ఇంట్లో తెల్లరంగు ఉంచేవారు కాదు. తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలేసేవారు. కళ్ళెదుట లేని పిట్టను గీసేవారు కాదు. నా చేతిరాత బాగుంటుందని ప్రతి బొమ్మ వెనకా తేదీ, వేళ, చోటు నాచేత రాయించేవారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చిన లెక్కల టీచర్ని. ఒకసారి “ఉదయం” అని రాసి ఊరుకున్నాను.

“ఏ ఉదయం చెల్లె? ఆరింటిదా, పదింటిదా? నువ్వు పిల్లలకు లెక్కలెట్ల చెప్తున్నవ్?” అని కొట్టేయించారు. ఆ తర్వాత నేనెక్కడా అంచనాగా రాయలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దసరా దాటగానే ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఊరేగింపు. ఫ్లెక్సీ మీదికి ఎగిరే పాలపిట్ట కావాలని కాలనీ యువకులు అడిగారు. “కనవడ్డనాడు గీస్త” అన్నారు మాస్టారు. సాయం చేద్దామని నేనొక తప్పు చేశాను. దసరా నాడు చూస్తే శుభమని పాలపిట్టను పంజరంలో తిప్పే అతని దగ్గర, దాన్ని పంజరంతో సహా కొని మాస్టారి ముందు పెట్టాను. పిట్ట కొట్టుకుంటూ రెక్కలు విప్పింది. ఎగరకుండా ఈకలు కత్తిరించేశారు.

“లెక్కవెట్టు చెల్లె,” అన్నారాయన.

పన్నెండు. సాయంత్రానికి బొమ్మ పూర్తయింది, పన్నెండు చోట్లా ఉత్త కాగితం. పిట్టను మర్నాడు అటవీశాఖ వాళ్ళకు అప్పగించాం.

“ఏంది సార్ గిది!” అన్నాడు యువకుల్లో ముందున్నవాడు. “గా ఆంధ్ర టీచరమ్మ గిట్ల గీయమన్నదా?”

నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు కుంచె కడుగుతూనే చెప్పారు: “ఆమె లెక్కవెట్టింది. కత్తెర వట్టింది ఆమె గాదు. కోసినయి కోసినట్టే గీసిన.”

“నలుగురు నవ్వుతరు సార్.”

“నవ్వనియ్. సిగ్గు కోసినోనికి ఉండాలె. నీకెందుకురా?”

వాళ్ళు వేరే బొమ్మ చూసుకున్నారు. మాస్టారు తన బొమ్మను అట్టకు బిగించి తానే ఎత్తి పట్టుకున్నారు. గేటు దగ్గర ఆగి నన్ను పిలిచారు.

“వెనక తేదీ రాసింది నువ్వే గదా. ముందర నడువ్.”

నడిచాను, చౌరస్తా దాకా, ఆయన పక్కనే. గుంటూరు వైపు మావాళ్ళు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. మాస్టారు పోయేముందు ఆ బొమ్మ నాకిచ్చారు.

ఇదంతా విని దుకాణదారు నవ్వాడు. “రాష్ట్రమొచ్చె గదమ్మా, ఇంక నింపుదాం. ఎవరికి తెలుస్తది?”

“లెక్కపెట్టింది నేను,” అన్నాను.

అద్దం బిగించే ముందు మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండు.