పల్లేరు మైదానం మీద గొంగళ్ళు

1957 చలికాలం. కర్నూలు జిల్లా పడమటి కొసన ఒక చిన్న పట్టణంలో నేను పంచాయతీ బోర్డు వారి గ్రౌండ్ మేస్త్రీని. ఊరి పేరు చెప్పను. ఈ కథలో తప్పు చేసిన మెంబరు గారి మనవలు ఇంకా అక్కడే ఉన్నారు, పైగా మంచివాళ్ళు. బోర్డు పార్కు, ట్రావెలర్స్ బంగళా ఆవరణ, సంత జరిగే చోటు, ఊరి బయట పెద్ద మైదానం, ఇవన్నీ నా చేతి కింద ఉండేవి.

గ్రౌండ్ పని అంటే వానాకాలంలో గడ్డి కోయడమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు పని చలికాలంలోనే. మా సీమలో కార్తీకం దాటాక చినుకు ఉండదు. గరిక ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. చచ్చిందనుకుని కొత్తవాళ్ళు పారతో చెక్కేస్తారు. అది చావలేదు, నిద్రపోతుంది. వేళ్ళు మట్టిని పట్టుకునే ఉంటాయి. అప్పుడు చెక్కితే మైదానం మొత్తం దుమ్మై ఊరి మీదికి లేస్తుంది. కాబట్టి చలికాలంలో మా పని సగం చేయడం, సగం ఇతరులను చేయనివ్వకపోవడం. రెండోదే కష్టం.

ఆ ఏడు సంక్రాంతి దాటాక చుట్టుపక్కల బడులన్నిటికీ ఆటల పోటీలు పెట్టారు. మొట్టమొదటిసారి ఆడపిల్లలకు కూడా పరుగు పందెం పెట్టారు. అది మిషన్ బడి డ్రిల్ టీచరు సలోమమ్మ గారు పట్టుబట్టి సాధించుకున్నది. ట్రాక్ అంటే పరుగు తీసే దారి. సున్నంతో గీతలు గీసి గుండ్రంగా నేనే వేసిచ్చాను. మొదటి రోజు ప్రాక్టీసులోనే పిల్లలు కుంటుతూ పక్కకు వచ్చేశారు. ఒంగి చూస్తే ఎండిన గరిక మధ్య ఎక్కడ చూసినా పల్లేరు కాయలే. మా మైదానంలో అంతకుముందు పల్లేరు ఇంతగా ఎప్పుడూ లేదు.

అందరికన్నా బాగా ఉరికే పిల్ల రాహేలు. కోడుమూరు పక్క పల్లె, హాస్టల్లో ఉండి చదువుకునేది. దాని మడమలో ముల్లు విరిగి చీము పట్టింది. కాంపౌండరు కోసి కట్టు కట్టాడు. కబురు తెలిసి తండ్రి ఏసన్న వచ్చాడు. పంటలయ్యాక పిల్లను చదువు మాన్పించాలని ఆయన అంతకుముందే అనుకున్నాడట. సలోమమ్మ గారు బతిమాలితే, పిల్ల పరుగు ఒకసారి కళ్ళారా చూశాకే తేలుస్తానని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ కట్టు చూసేసరికి మెత్తబడ్డ మనసు మళ్ళీ బిగుసుకుంది.

మైదానం గట్టున నిలబడి నాతో అన్నాడు. "చదువుకోనీకి పంపితి గానీ ముండ్లు తొక్కనీకి కాదు మేస్త్రీ. కూలి చేసుకునేటోన్ని. మా యమ్మి కాలు పోతే దాని బతుకేం గావల్ల? పందెం ఉంటే ఆనాటికి వచ్చి చూస్తా. లేదంటే ఈ పొద్దే పిలుచుకొని పోతా."

పందెం ఉంటుందని చెప్పాను. ఎలా ఉంటుందో నాకే తెలియదు.

బోర్డులో మైదానం సంగతి చూసే మెంబరు రెడ్డిగారు పెద్ద రైతు. రోలర్ తొక్కించమన్నాడు. రోలర్ అంటే నేలను చదును చేసే రాతి గుండు. పల్లేరు ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుందని, రోలర్ తొక్కిస్తే దాన్ని నేలలో గట్టిగా నాటినట్టేనని చెప్పాను. అయితే మగపిల్లల ఆటలు హైస్కూలు ఆవరణలో జరిగిపోతాయని, ఆడపిల్లల పందెం ఒక్కటే కదా మానేద్దామని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎప్పుడెప్పుడా అని కాచుకున్న వాళ్ళకు సాకు దొరికింది. సలోమమ్మ గారి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"గ్రౌండు బాగుచేసేటోన్ని నేను," అన్నాను. "బాగుకాదని చెప్పల్సింది గూడా నేనే. నేనింకా చెప్పలేదు రెడ్డీ."

అన్నానే గానీ దారి కనపడలేదు. కూలి ఆడవాళ్ళతో చేత్తో ఏరిస్తే పోటీలనాటికి ఒక మూల కూడా అయ్యేట్టు లేదు. చీపురుతో ఊడిస్తే కాయలు విచ్చి ముక్కలై మరింత పరుచుకున్నాయి. ఏరుతుండగా ఒక సంగతి గమనించాను. ముళ్ళు మైదానమంతా ఒకేలా లేవు. కొన్నిచోట్ల నలుచదరంగా, దడి కట్టినట్టు దట్టంగా ఉన్నాయి. ఎక్కడ చూశానా ఈ ఆకారం అని ఆలోచిస్తే తట్టింది. తొలకరి వానల తర్వాత గొర్రెల మందను నిలిపిన చోట్లు అవి.

మా దగ్గర చేనికి బలం కావాలంటే రాత్రిళ్ళు గొర్రెల మందను నిలుపుతారు. ఎరువు నేలలో దిగుతుంది. మైదానంలో గరిక చిక్కగా రావాలని రెడ్డిగారు ఆ ఏడు అదే చేయించాడు. మంచికే చేయించాడు. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే చేలో మంద నిలిపితే ఎప్పుడూ చెడు జరగలేదు. కానీ చేనును తర్వాత దున్నుతారు, కలుపు తీస్తారు. మైదానాన్ని ఎవరు దున్నుతారు? బీళ్ళలో మేసి వచ్చిన గొర్రెల బొచ్చులో పల్లేరు కాయలు మూటలుగా వచ్చాయి, రాలాయి, మొలిచాయి, మళ్ళీ కాశాయి.

మంద కాపరి బీరప్ప మీదికి పోట్లాటకే పోయాను. ఆయన ఊరవతల ఎండలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గొర్రె బొచ్చుతో నేసిన గొంగడి పరుచుకుని, దానికి అంటుకున్న పల్లేరు కాయలను ఒక్కొక్కటే పీకి పారేస్తున్నాడు. ఏమప్పా ఇట్లొస్తివి అని పలకరించాడు. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. బొచ్చు మోసుకొచ్చిన దాన్ని బొచ్చే తీసుకుపోతుంది కదా అనిపించింది. ముల్లును ముల్లుతోనే తీయాలని మనవాళ్ళు ఊరికే అనలేదు.

గొంగడి ఇవ్వమని అడిగాను. బీరప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "చలికాలంలో గొంగడి అడిగేటోన్ని నిన్నే చూస్తాండా. నేనేం కప్పుకొని పండుకోవల్ల?"

పోట్లాడటానికి వచ్చినవాణ్ణి బతిమాలాను. మైదానానికి ముళ్ళు ఎలా వచ్చాయో, ఒక కూలివాడి కూతురి చదువు దానితో ఎలా ముడిపడిందో చెప్పాను. ఇంటికి పోయి నా బొంత తెచ్చిచ్చాను. నా భార్య రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, అది వేరే కథ. బీరప్ప తన గొంగడితో పాటు తోటి కాపరుల దగ్గర చిరిగినవన్నీ మోసుకొచ్చాడు. రెడ్డి మంద నిలపమంటే నిలిపినామని, ముండ్ల సంగతి తమకూ తట్టలేదని, శానా బాధపడ్డాడు.

మర్నాటి నుంచి మంచు తడి ఆరకముందే మొదలుపెట్టేవాళ్ళం. గొంగళ్ళను నీళ్ళలో తడిపి, పైన బరువుకు దుంగ కట్టి, ఇద్దరిద్దరం మెల్లగా ఈడ్చేవాళ్ళం. తడి బొచ్చు కాయను పట్టిందంటే వదలదు. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరగేస్తే అడుగంతా పల్లేరుతో నిండిపోయి ఉండేది. పీకి, కుప్పవేసి, కాల్చి, మళ్ళీ ఈడ్చడం. చలికి నీళ్ళలో చేతులు కొంకర్లు పోయేవి. భుజాలు పుండ్లు పడ్డాయి. ఒక రోజు రెడ్డిగారు వచ్చి కాసేపు చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత తన జీతగాళ్ళను పంపించాడు. గరిక వేరు ఒక్కటీ కదలలేదు.

పోటీల రోజు పొద్దున రాహేలు గీత దగ్గర నిలబడింది. మడమ మానింది. నేల శుభ్రంగా ఉందని సలోమమ్మ గారు చెప్పారు, రెడ్డిగారూ చెప్పాడు. ఏసన్న ఎవరి మాటా వినలేదు. తన కిర్రు చెప్పులు గీత దగ్గర విప్పాడు. ట్రాక్ మీదికి దిగి, ఒక్కో అడుగూ గట్టిగా అదిమి నడుస్తూ బయలుదేరాడు. జనమంతా చూస్తున్నారు. ఆ చలిలో నాకు వీపంతా చెమట పట్టింది. ఒక్క కాయ మిగిలి ఉన్నా ఆ పిల్ల చదువు ఆ పూటతో సరి.

చుట్టూ తిరిగి వచ్చి, ఒక కాలు పైకెత్తి అరికాలు చూసుకున్నాడు. రెండోదీ చూసుకున్నాడు. కూతురి వైపు తిరిగి, "ఉరుకు యమ్మీ," అన్నాడు.

రాహేలు రెండో స్థానంలో వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. మొదటి స్థానం రాని పరుగు చూసి ఈయన ఏమంటాడో అని దగ్గరికి పోయాను. ఏసన్న చెప్పులు తొడుక్కుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "కాలు ఇప్పుడే మానింది గదా. వచ్చే యేడు ముందొస్తాదిలే."

వచ్చే ఏడు అన్నాడు. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

అంతవరకు నేను గ్రౌండును కళ్ళతో చూసి బాగుందనో, బాగాలేదనో చెప్పేవాణ్ణి. ఆ తర్వాత నౌకరీ ఉన్నన్నాళ్ళూ ఏ మైదానమైనా సిద్ధమని సంతకం పెట్టేముందు చెప్పులు గట్టునే విడిచి, చుట్టూ ఒకసారి నడిచి వచ్చేవాణ్ణి.