పదకొండు గుమ్మాల దగ్గు

మా చిల్‌బోంగ్ బావగారు దగ్గనిదే ఏ గుమ్మమూ దాటరు. జలుబు చేసి కాదు, ఉబ్బసం ఉండీ కాదు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా ఆయన ఊపిరితిత్తులు కొలిమితిత్తుల్లా ఉంటాయి. గుమ్మం ముందు నిలబడి మెల్లగా ఒకసారి, కాసేపాగి కాస్త గట్టిగా రెండోసారి, ఇంకాసేపాగి ఊరు దద్దరిల్లేలా మూడోసారి దగ్గితే గాని లోపల అడుగు పెట్టరు. గుమ్మం ముందు మగవాళ్ళు దగ్గడం మా సల్గుగోల్ ఊళ్ళో పాతకాలపు మర్యాదే. మా మామగారూ దగ్గేవారు. వీధి తలుపులకి బెల్లులొచ్చాక అందరూ మానేశారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈయనొక్కరే మిగిలారు.

పోనీ పరాయి గుమ్మాలకేనా అంటే, అదీ కాదు. కోళ్ళగూడు తలుపు తీసేముందు దగ్గుతారు. ఫ్రిజ్ తలుపు తీసేముందు దగ్గుతారు. "లోపల కిమ్చీ పచ్చడి బట్టలు మార్చుకుంటోందా?" అని వాళ్ళావిడ విసుక్కుంటుంది. "మా శోభనం రోజున ఈయన గది బయట దగ్గుతూ నిలబడితే నేనొక నిద్ర తీసి లేచాను. అప్పటికీ బయటే ఉన్నారు" అని ఆవిడ నలభై అయిదేళ్ళుగా కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతూనే ఉంది.

ఆయన ముప్పై ఏళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేశారు. అన్నేళ్ళలో ఒక్క కుక్క కూడా ఆయన్ని కరవలేదు. దగ్గు వినగానే అవి కూడా లేచి ఒళ్ళు సర్దుకునేవి కాబోలు. రిటైరయ్యాక ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పి చూపించే పని ఆయనకి ఇచ్చారు. మా ఊరి ఇళ్ళు మూడు నాలుగొందల ఏళ్ళ నాటివి. ఒంటిపూట టూరు. తొమ్మిదింటికి ఊరి మొదట మొదలుపెట్టి, పదకొండు ఇళ్ళు చూపించి, పన్నెండుకి మా భోజనశాలకి చేర్చాలి. పన్నెండుమ్ముప్పావుకి బస్సు. ఇది కాగితం మీది లెక్క.

ఆ పదకొండు ఇళ్ళలో ఏడింట్లో మనుషులే లేరు. అయినా సరే, మూడు దగ్గులూ, ఆ మధ్యలో ఎదురుచూపూ తప్పవు. ఒకసారి సియోల్ నుంచి వచ్చినావిడ ఉండబట్టలేక అడిగేసింది.

"ఈ ఇంట్లో ఎవరుంటారండీ?"

"ఎవరూ లేరమ్మా. తొమ్మిదేళ్ళయింది."

"మరి ఎవరి కోసం దగ్గుతున్నారు?"

"మనుషులు పోతే మర్యాద కూడా పోవాలా?" అని ఆయన మూడోసారి దగ్గారు.

ఆవిడ జాలిపడి సంచిలోంచి దగ్గుబిళ్ళ తీసి ఇచ్చింది. రెండు చేతులతో అందుకుని, వంగి దండం పెట్టి, జేబులో వేసుకున్నారు. రోజూ ఇదే తంతు. వచ్చినవాళ్ళలో కనీసం నలుగురైనా ఆయనకి దగ్గుబిళ్ళలు ఇస్తారు. డాక్టర్లయితే ఎక్స్‌రే తీయించుకోమంటారు. ఆ బిళ్ళలు ఆయన ఒక్కటీ తినరు. మా భోజనశాలకి రాగానే ఒక బిళ్ళ నా చేతిలో పెడతారు. "నాకెందుకు బావగారూ, నేను దగ్గను కదా" అంటే, "ఉంచమ్మా, గొంతుకి మంచిది" అంటారు. ఆరేళ్ళుగా ఇదే. తనకి అక్కర్లేని చెత్తంతా నా నెత్తిన రుద్దుతున్నారని మనసులో తిట్టుకునేదాన్ని.

తిట్టుకోక ఏం చేయను? పన్నెండుకి ముప్పైమంది వస్తారని కూరలు కోసి, వేయించి, అన్నం మీద పేర్చి కూర్చుంటాను. పన్నెండవుతుంది, పావవుతుంది, అరవుతుంది. ఆకుకూర వాడిపోతుంది. సోయా పులుసు మూడుసార్లు మరిగి ఉప్పుకషాయమవుతుంది. నేను పెరట్లో జాడీల దగ్గర కూర్చుని సోయా గుజ్జు ఎలా ఊరుతోందో చూసుకుంటూ ఉంటాను. చివరికి గుమ్మంలో మొదటి దగ్గు. లేస్తాను. రెండో దగ్గు. మూడో దగ్గు. అప్పుడు ముప్పైమంది ఆకలి మొహాలతో లోపలికి పడతారు. బయట బస్సు డ్రైవరు హారన్ మోగిస్తూ ఉంటాడు.

ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? మా ఊరి పెద్ద క్యుసొప్ ఒకరోజు అందరినీ పిలిచాడు. వరసకి నాకు కొడుకవుతాడు, బావగారిని బాబాయ్ అంటాడు. మనిషి మంచివాడే గాని నిప్పు తొక్కిన కోతి. నిలబడి అన్నం తింటాడు, నడుస్తూ నిద్రపోతాడు.

"బాబాయ్, నిన్న మళ్ళీ బస్సు గంట ఆలస్యం. బస్సులవాళ్ళు ఇంక మన ఊరికి రామంటున్నారు. సోమవారం టూరు నేనే తిప్పుతాను. పన్నెండులోపు ముగించగలిగితే, చెవిలో పెట్టుకుని వినే మిషన్లు తెప్పిస్తాను. అవే మాట్లాడతాయి. మీరు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి."

"మిషన్లు దగ్గుతాయా?" అని అడిగారు బావగారు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"దగ్గుల వల్లే కదా బాబాయ్ ఇదంతా! దగ్గుల్లేవు."

"అయితే ఒక్క మాట విను. పదకొండో ఇల్లు వదిలెయ్. పదిళ్ళు చూపించి ఆపేయ్."

"పదకొండో ఇల్లు చూడ్డానికే కదా జనం వచ్చేది! సంగ్‌జు పెద్దమ్మని చూడకపోతే టూరెందుకు? ఎందుకు వదిలేయాలో చెప్పండి."

"ఏం లేదులే, నీ ఇష్టం" అని బావగారు లేచి వెళ్ళిపోయారు. ఆ పని పోతే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు. రిటైరైన మొదటి ఏడాది ఉత్తరాల్లేని ఖాళీ సంచి భుజాన వేసుకుని ఊరంతా తిరిగిన మనిషి. ఒక్క మాట చెప్పుకుంటే నిలబడేదేమో, చెప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది. ఇంత మొండితనమా అనుకున్నాను.

క్యుసొప్ పెద్దమ్మ అన్న ఆ సంగ్‌జు అక్కయ్య గురించి చెప్పాలి. సంగ్‌జు అనే ఊరి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది కాబట్టి ఆ పేరు. నాకు వరసకి పెద్ద తోడికోడలు, మా వంశంలో పెద్దింటి కోడలు. ఎనభై తొమ్మిదేళ్ళు, ఒంటరి మనిషి. చూపు కాస్త మందగించింది గాని చెవులు మాత్రం పాముచెవులు. టూరు వెళ్ళేసరికి పెద్ద చెక్క అరుగు మీద నిటారుగా కూర్చుని ఉంటుంది. తెల్లటి పట్టు రవిక, దాని మీద మడత చెడని ముడి, నున్నగా దువ్విన కొప్పు, అందులో అడ్డంగా వెండిపుల్ల. వచ్చినవాళ్ళకి తలొక ఎండు పెర్సిమన్ పండు పెట్టి, "ఎండలో పడి వచ్చారు, తినండి" అంటుంది. అంతే. అంత మాత్రానికే జనం కళ్ళు తుడుచుకుంటారు.

సోమవారం వచ్చింది. క్యుసొప్ టూరు కాదు, పరుగుపందెం తిప్పాడు. పదింటికల్లా పదిళ్ళూ అయిపోయాయి. గోడవతల ఆ గోల విని నేను కంగారుగా, వంటయ్యేదాకా జనానికి పోద్దామని, బియ్యపు పానకం బిందె చంకనెత్తుకుని పదకొండో ఇంటికి పరుగెత్తాను. చిల్‌బోంగ్ బావగారు జనానికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని, వెనకే వస్తున్నారు. పని లేకపోయినా కాళ్ళకి అలవాటు కదా.

క్యుసొప్ వీధి తలుపు భళ్ళున తోశాడు. "రండి రండి, ఇది మా ఊరి పెద్దిల్లు!"

ముప్పైమందీ బిలబిలమంటూ లోపలికి వెళ్ళి, ఒక్కసారిగా ఆగిపోయారు.

అక్కయ్య అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉంది. తెల్లజుట్టు నడుం దాకా విరబోసుకుని ఉంది. పట్టు రవిక ఒక చేతికే ఎక్కింది, రెండోది లోపలి బనీను మీద వేలాడుతోంది. పళ్ళసెట్టు పక్కన గిన్నెలో ఉంది. ఆవిడ ఒక చేత్తో నోరు కప్పుకుని, వణుకుతున్న రెండో చేత్తో ఆ రవిక చెయ్యి వెతుక్కుంటోంది. దొరకటం లేదు. పెద్దింటి కోడలిని అలా చూడటం మా ఊళ్ళో ఎవ్వరం ఎరగం. జనంలో ఎవరో ఫోను పైకెత్తారు.

అప్పుడు వీధిలోంచి వినబడింది. మెల్లగా కాదు, కాసేపాగీ కాదు. ఒకేసారి, ఊరు దద్దరిల్లేలా దగ్గు.

ముప్పైమందీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. "పెద్దలారా, ఒక్కసారి ఇలా బయటికి రండి!" అని కేకేశారు బావగారు. "మావాడు అసలైనది చూపించకుండానే లోపలికి తోలేశాడు. ఈ ఇంటి అందమంతా ఈ వీధి తలుపు పైదూలంలో ఉంది. బయట నుంచే చూడాలి. రండి రండి, ఎండ పోతే కనబడదు!"

జనం బయటికి నడిచారు. ఆ దూలం మామూలు దూలం. దాని మీద చెదపురుగు తిన్న గీత తప్ప ఏమీ లేదు. బావగారు ఆ గీత గురించి అరగంట మాట్లాడారు.

నేను తలుపు జారేసి అక్కయ్య దగ్గరికి పరుగెత్తాను. పళ్ళు పెట్టించాను, జుట్టు దువ్వాను. ఆవిడ చేతులు అలా వణుకుతాయని నాకు అంతవరకూ తెలియదు. గోడ పక్కనే ఉంటాను, ఆరేళ్ళుగా రోజూ చూస్తాను.

"ఇవాళ ఇందాకటి దాకా దగ్గు వినబడలేదేమే?" అంది అక్కయ్య, ఇంకా రొప్పుతూనే. "చిల్‌బోంగ్ పోయాడనుకున్నాను. ఏడవడానికి బయల్దేరదామని పెట్టెలోంచి రవిక తీశాను."

"దగ్గుతో నీకేం పని అక్కయ్యా?"

"వెర్రిమొహమా, ఈ చేతులతో ముస్తాబు కావాలంటే నాకు మూడు గంటలు పడుతుంది. మొదటింటి దగ్గర దగ్గు వినబడగానే స్తంభం పట్టుకుని లేస్తాను. మూడో ఇంటికి పళ్ళు. అయిదో ఇంటికి జుట్టు విప్పుతాను. ఎనిమిదో ఇంటికి కొప్పవుతుంది. పదో ఇంటి దగ్గర రవిక ముడి. ఒక్కోరోజు ముడి పడదు, లోపలినుంచి నేను తిరిగి దగ్గాల్సిన దగ్గు బాకీ ఉండిపోతుంది. అప్పుడు గుమ్మంలో మూడింటికి బదులు అయిదుసార్లు దగ్గుతాడు."

"ఇలా దగ్గమని నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? వాడూ ఏనాడూ అడగలేదు" అంటూ అక్కయ్య వెండిపుల్ల తనే కొప్పులో గుచ్చుకుంది.

ఆ పదిళ్ళ దగ్గర ఆయన చేసిన ఆలస్యమంతా నాకు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. ఖాళీ ఇళ్ళ ముందు నిలబడి దగ్గి, నవ్వులపాలై, దగ్గుబిళ్ళలు పుచ్చుకుని, నాచేత తిట్లు తిని, చివరికి పని పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. సిగ్గేసింది నాకు.

లోపలినుంచి అక్కయ్య చిన్నగా దగ్గింది. బయట దూలం ఉపన్యాసం టక్కున ఆగిపోయింది. అందరూ లోపలికి వచ్చారు. నిటారుగా కూర్చున్న అక్కయ్య తలొక పండూ పెట్టి, "ఎండలో పడి వచ్చారు, తినండి" అంది. ఫోనెత్తినావిడ ఆ పండు అందుకుని తలవంచి దండం పెట్టింది.

క్యుసొప్ మొహం చిన్నదైపోయింది. జనం వెళ్ళాక వీధిలో బావగారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజే చెప్పొచ్చు కదా బాబాయ్?"

"చెప్పాల్సి వస్తే ఇంక దగ్గెందుకురా?" అన్నారు బావగారు.

మిషన్లు రాలేదు. కాగితం మీద టూరు ఒంటిగంటన్నర దాకా అని మార్చారు, బస్సు రెండింటికి. ఆయన వియ్యాలవారింటికి వెళ్ళిన రోజుల్లో టూరు క్యుసొప్ తిప్పుతాడు. వాడి దగ్గు గొంతులో ఈత గింజ ఇరుక్కున్న మేక అరుపులా ఉంటుంది. మొదటిరోజు అక్కయ్య భయపడి అల్లం కషాయం పంపించింది.

కొన్నాళ్ళకి, ఊరు సద్దుమణిగాక, బావగారి ముందు పులుసు గిన్నె పెట్టి అడిగాను.

"బావగారూ, ఆ పదకొండు గుమ్మాల సంగతీ తెలిసింది. మరి మా గుమ్మం పన్నెండోది కదా. అక్కడెందుకు దగ్గుతారు? నా చేతులు వణకవు, నా పళ్ళు నావే."

ఆయన పులుసు రెండు చెంచాలు తాగారు. కిటికీలోంచి పెరట్లోకి చూశారు. అక్కడ వరసగా అయిదు జాడీలున్నాయి.

"మొదటి దగ్గు, వచ్చామని" అన్నారు. "రెండోది, ఆ మూడో జాడీ వెనకున్న బియ్యపు కల్లు గిన్నె నువ్వు లోపల పెట్టుకోవడానికి. మూడోది, మూతి తుడుచుకోవడానికి."

నా మొహంలో రక్తమంతా చెవుల్లోకి పోయింది. మావారు పోయినప్పటి నుంచీ మధ్యాహ్నం పూట ఒక్క గిన్నె, ఒక్కటంటే ఒక్కటే. భూప్రపంచంలో ఎవరికీ తెలియదనుకున్నాను.

"మరి ఆ దగ్గుబిళ్ళ?" అన్నాను నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"అది వాసన రాకుండా" అని జేబులోంచి ఆ రోజు బిళ్ళ తీసి పులుసు గిన్నె పక్కన పెట్టారు.

మర్నాడు మూడో జాడీ పక్కన రెండు గిన్నెలు పెట్టి, తలుపులు బార్లా తెరిచి, గుమ్మంలోకి కనబడేలా కూర్చున్నాను. ఇంక ఈయన దగ్గర దాచేదేముంది అనుకున్నాను. ఆ రోజు టూరు లేదు, ఒంటిగంటన్నరకి బావగారొక్కరే వచ్చారు. నన్ను చూశారు, రెండు గిన్నెలూ చూశారు. చూసి, వెంటనే వీధి వైపుకి తిరిగి నిలబడి, మెల్లగా ఒకసారి, కాసేపాగి రెండోసారి, ఇంకాసేపాగి మూడోసారి దగ్గారు. నేను మూతి తుడుచుకుని లోపలినుంచి దగ్గాక గాని గుమ్మం దాటలేదు.