సత్యవతి గారికి నేనిచ్చిన ఒక్క రోజు

ఆరేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఎవరి ముందూ దించలేదు. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే రేపు ఎవరితో అంటారోనని ముందు మీ మీదే అనుమానపడేదాన్ని.

నేను రామచంద్రపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఖాళీ వేళల్లో వెబ్‌సైట్ల పేర్లు, అంటే డొమైన్లు, కొని అమ్మేదాన్ని. అమ్మకం ఎస్క్రోలో జరిగేది. మధ్యలో ఒక సంస్థ కొనేవాళ్ల డబ్బు తన దగ్గర ఉంచుకుంటుంది. పేరు చేతులు మారాక, సరిచూసుకోవడానికి కొన్నవాళ్లకు కొంత గడువుంటుంది. ఎన్ని రోజులన్నది ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఆలోగా బాగాలేదంటే పేరు వెనక్కి, డబ్బు వెనక్కి. ఏమీ అనకుండా గడువు దాటితే డబ్బు అమ్మినవాళ్లది.

మొదటిసారి నేనే మోసపోయాను. ఐదు రోజులిస్తే, కొన్నవాడు ఆ ఐదు రోజులూ పేరును తన ప్రకటనలకు వాడుకుని ఆఖరి రోజున నచ్చలేదన్నాడు. అప్పటినుంచి గడువడిగిన ప్రతి మనిషీ నాకు దొంగలాగే కనిపించేవాడు.

సత్యవతి గారు ఆత్రేయపురంలో ఐదుగురు ఆడవాళ్లను పెట్టుకుని పూతరేకులు చేయిస్తారు. ఆవిడ సరుకుకు పెట్టుకున్న పేరే నా దగ్గరున్న డొమైన్. పెట్టెల మీద అచ్చు వేయించాలి, దూరపు ఆర్డర్లకు ఆ పేరుతోనే మెయిల్ నడపాలి అన్నారు. ధర దగ్గర పేచీ రాలేదు. గడువు దగ్గరే వచ్చింది.

“వారం రోజులివ్వండి మేడం గారూ. మా తమ్ముడి కొడుకు సామర్లకోటలో రైల్వే గుమాస్తా. ఆదివారం గానీ వాడికి వీలవదు. వాడొచ్చి చూసి బాగుందంటే నాకు ధైర్యం.”

“వారమెందుకండి? పేరేగా. చూడ్డానికేముంటుంది?”

“నాకేం తెలుస్తుందండి? వాడైతే చదువుకున్నోడు.”

“ఎవరికైనా ఒక్క రోజేనండి. అదే పద్ధతి. కాదంటే వేరేవాళ్లు అడుగుతున్నారు.”

“పాఠాలు చెప్పేవారు. మీరు అబద్ధమెందుకు చెప్తారు? అలాగే కానివ్వండి,” అన్నారు.

అది పద్ధతి కాదు. వేరేవాళ్లెవరూ అడగలేదు.

అసలు సంగతి ఇది. ఆ పేరు నాకంటే ముందు ఎవరి చేతిలోనో ఉంది. దానితో వాళ్లు దొంగ మందుల ప్రకటనలు లక్షల కొద్దీ మెయిళ్లలో పంపారు. అందువల్ల ఆ పేరుతో ఏ మెయిల్ పంపినా అందుకునేవాళ్లకు కనబడకుండా నేరుగా స్పామ్ చెత్తబుట్టలో పడుతుంది. కొన్నాక నాకు తెలిసింది. తెలిసినవాడు ఒక గంట కూర్చుంటే బయటపడుతుంది. ఆదివారం ఆ తెలిసినవాడు వస్తాడు.

మరి నేను అనుమానించింది ఎవరిని? ఆవిడా పేరు వాడుకుని వెనక్కిస్తుందేమోనన్న భయంతోనే ఒక్క రోజన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, ఒకసారి మోసపోయినదాన్ని జాగ్రత్తపడకూడదా అని దబాయించుకున్నాను, కానీ ఆవిడ గొంతు విన్న ఎవరికైనా అలాంటి అనుమానం కలుగుతుందా? కలగలేదు. తెచ్చుకున్నాను. అది నాకు అవసరమైంది.

బుధవారం పేరు ఇచ్చాను. గురువారంతో గడువైపోయింది. ఆదివారం మేనల్లుడు వచ్చి మెయిల్ అమర్చాడు. నెల తిరక్కుండానే ఆవిడ నుంచి ఫోన్. ఒక పెళ్లివారికి పంపిన జవాబు వాళ్లకు కనబడనే లేదట. ఉలుకూ పలుకూ లేదని వాళ్లు పూతరేకులు వేరేచోట చెప్పుకున్నారట. “పేరులోనే ఏదో ఉందంటున్నాడండి మావాడు. నిజమేనా?”

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేనన్నది వేరు. “పేరులో ఏమీ లేదండి. అమర్చినవాళ్లు సరిగ్గా అమర్చి ఉండరు.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

రెండేళ్ల తర్వాత ఒక పెళ్లికి వెళ్తూ ఆత్రేయపురంలో దిగాను. పూతరేకుల కోసమే అనుకున్నాను. కాదు, చూడాలని. పెట్టెల మీద వెబ్‌సైట్ పేరున్న చోట తెల్ల కాగితం అంటించి ఉంది. సత్యవతి గారు నన్నెప్పుడూ చూడలేదు. గొంతు గుర్తుపడతారేమోనని తక్కువగా మాట్లాడాను. ఒక రేకు చేతిలో పెట్టి, రుచి చూడండి అన్నారు. ఆ కాగితమెందుకని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

“మా మేనల్లుడి నిర్వాకమండి. ఏదో పాడుచేసి, పేరు మంచిది కాదని బొంకాడు. అమ్మిన మేడం గారే చెప్పారు, వీడి తప్పని. సొంతోడే ఇలా చేస్తే ఏమనాలి? గడప తొక్కద్దన్నాను. వాడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా వెళ్లలేదు.”

నోట్లో రేకు కరిగిపోయింది. రెండు పెట్టెలు తీసుకుని బస్సెక్కాను.

నా అనుమానాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లారు. ఒక మనిషి, నిజం చెప్పినందుకు, మేనత్త గడప బయట నిలబడ్డాడు. అతని పేరు కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత డొమైన్లు అమ్మడం మానేశాను. దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఆవిడ నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. చేయలేదు. ఆవిడకు చెప్పకుండా మీకు చెప్పడంలో కూడా నా ఎత్తు ఏదో ఉందేమో. ఉండే ఉంటుంది. నన్ను నేను నమ్మడం మానేసి చాలా రోజులైంది. క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు?

కానీ ఒక్కసారైనా, ఎక్కడైనా, ఈ మాట ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ మేనల్లుడు ఏమీ పాడుచేయలేదు. అతను చెప్పిందే నిజం. పేరు చెడ్డదని నాకు ముందే తెలుసు. తెలిసే ఒక్క రోజన్నాను.